నడిస్తే ఆయాసం: నాడి, ఆక్సిజన్ మనకు చెప్పే సంగతులు

ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నడవమంటారా, కూర్చోమంటారా?" వాకాడు, కోట, చిట్టమూరు, చిల్లకూరు వైపు నుంచి వచ్చే పెద్దవారిలో చాలామందికి ఇంట్లోవాళ్లే ఈ ప్రశ్నకు జవాబు చెప్పేసి ఉంటారు. "నువ్వు కదలొద్దు నాయనా, మంచం మీదే ఉండు, అన్నీ మేం చూసుకుంటాం" అని. ఆ మాట ప్రేమతో చెప్పిందే. కాని రెండు మూడు నెలలు గడిచేసరికి ఆ మనిషి దొడ్డివైపు వెళ్లి రావడానికే రొప్పుతాడు. జబ్బు ముదిరిపోయిందని ఇంటిల్లిపాదీ దిగులు పడతారు. చాలాసార్లు అక్కడ ముదిరింది ఊపిరితిత్తుల జబ్బు కాదు. వాడుక లేక కాళ్ల కండరాలు కరిగిపోయి ఉంటాయి.

ఇంకో రకం వారు కూడా ఉన్నారు. వీరు కుర్చీలో కూర్చుని వేలికి ఆక్సీమీటరు పెట్టుకుంటారు. 96 అని కనిపిస్తుంది. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది, నాకేం జబ్బు లేదు" అని వెళ్లిపోతారు. అదే మనిషిని వరండాలో నాలుగు సార్లు అటూ ఇటూ నడిపించి చూస్తే 84కు పడిపోవచ్చు. రోజూ పొలానికో, బస్టాండుకో నడిచే ప్రతిసారీ శరీరం ఆక్సిజన్ చాలక ఇబ్బంది పడుతున్నా, కూర్చున్నప్పుడు చూసిన అంకె దాన్ని దాచిపెడుతుంది.

మొదటి రకం వారికి భయం ఎక్కువ, రెండో రకం వారికి ధీమా ఎక్కువ. ఇద్దరికీ నష్టమే. అందుకే ఈ సంచికలో నడిచేటప్పుడు నాడి ఎలా మారుతుంది, ఆక్సిజన్ ఎలా మారుతుంది, ఎంతవరకు పరవాలేదు, ఎక్కడ ఆగాలి అనే విషయాలు వివరంగా చెప్పాలనుకున్నాం.

మన తీరంలో ఊపిరితిత్తులను దెబ్బతీసేవి

బీడీ, సిగరెట్టు, చుట్ట సంగతి అందరికీ తెలిసిందే. కాని జీవితంలో ఒక్క బీడీ కూడా తాగని అమ్మలు, అవ్వలు ఇదే జబ్బుతో వస్తుంటారు. గాలి ఆడని వంటింట్లో సరుగుడు పుల్లలు, తాటి మట్టలు, పిడకలు మంటబెట్టి ఊదుగొట్టంతో ఊదుతూ ముప్పై నలభై ఏళ్లు వండినవారు వీరు. ఆ పొగ బీడీ పొగలాగే శ్వాసనాళాలను పాడు చేస్తుంది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం మొదలైన తరువాత గ్యాసు పొయ్యి చాలా ఇళ్లకు చేరింది. అయినా పాత పొగ చేసిన గాయం లోపల మిగిలే ఉంటుంది. నీళ్లు కాచడానికి, వడ్లు ఉడకబెట్టడానికి ఇప్పటికీ కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లున్నాయి.

రెండవది క్షయ. మందులు పూర్తిగా వాడి క్షయ నయమైనవారిలో కూడా కొందరికి ఊపిరితిత్తిలో మచ్చ మిగిలిపోతుంది. కఫంలో క్రిములు లేకపోయినా ఆయాసం ఉంటుంది. వీరికి మళ్లీ మళ్లీ క్షయ మందులు వాడటం పరిష్కారం కాదు.

మూడవది దుమ్ము. కోట, చిల్లకూరు మండలాల్లో సిలికా ఇసుక తవ్వకం ఉంది. గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకం గనులకు పేరు పొందింది. రాతిని పగలగొట్టేటప్పుడు, ఎండు ఇసుకను జల్లించేటప్పుడు, పొడి చేసేటప్పుడు కంటికి కనిపించనంత సన్నటి దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తి లోతుకు వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. ఇలాంటి పని చేసినవారు డాక్టరు అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి.

ఊపిరితిత్తి బస్సు స్టేజీ లాంటిది

మన రక్తంలోని ఎర్రకణాలను బస్సులు అనుకోండి. ఆక్సిజన్ ప్రయాణికులు. ఊపిరితిత్తి ఎక్కే స్టేజీ. కండరాలు దిగే ఊరు. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో బస్సు స్టేజీలో దాదాపు ముప్పావు సెకను ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో ప్రయాణికులు ఎక్కడానికి పావు సెకను చాలు. కాబట్టి బస్సు నిండే బయలుదేరుతుంది.

నడక మొదలు పెట్టగానే కాళ్లకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. గుండె వేగంగా కొట్టుకుని బస్సులను తొందర పెడుతుంది. స్టేజీలో ఆగే సమయం తగ్గుతుంది. ఆరోగ్యవంతులకు అప్పుడు కూడా ఇబ్బంది లేదు. కాని ఊపిరితిత్తి గోడలు మచ్చలు పడి మందమైనవారిలో స్టేజీకి తలుపు ఇరుకైనట్టే. కూర్చున్నప్పుడు నెమ్మదిగానైనా అందరూ ఎక్కుతారు. నడిచేటప్పుడు సగంమంది కింద ఉండగానే బస్సు కదిలిపోతుంది. కూర్చున్నప్పుడు 96 ఉన్నది నడిచేటప్పుడు 84 కావడంలోని కిటుకు ఇదే.

సి.ఓ.పి.డి. ఉన్నవారిలో ఇంకో చిక్కు ఉంది. వీరికి లోపలి గాలి పూర్తిగా బయటికి రాదు. వేగంగా ఊపిరి తీసేకొద్దీ పాత గాలి లోపలే నిలిచిపోయి, ఛాతీ బిగుసుకుని, కొత్త గాలికి చోటు చాలదు. "గాలి లోపలికి పోవటం లేదు" అని వీరు అంటారు కాని అసలు కష్టం గాలి బయటికి రాకపోవడమే.

నాడి ఎందుకు పరుగెడుతుంది

పెద్దవారికి కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉండవచ్చు. నడిస్తే పెరగడం సహజం. ఎంతవరకు పెరగవచ్చు అనేదానికి ఒక మోటు లెక్క ఉంది. 220లో నుంచి మీ వయసు తీసేయండి. 65 ఏళ్లవారికి 155 వస్తుంది. అది ఆ వయసులో గుండె అందుకోగల పైహద్దుకు ఒక అంచనా మాత్రమే, చేరుకోవలసిన గమ్యం కాదు.

ఊపిరితిత్తుల జబ్బులో కొద్ది నడకకే నాడి 120, 130 అవుతుంది. ఒక్కో బస్సులో ప్రయాణికులు తక్కువైతే బస్సులు ఎక్కువ నడపాలి కదా! గుండె చేసేది అదే. వాడుక లేని కాళ్ల కండరాలు కూడా గుండెకు భారమే. ఇవి గాక మందులు ఉన్నాయి. సాల్బుటమాల్ పీల్చినా, డెరిఫిలిన్ మాత్ర వేసుకున్నా కొంతసేపు నాడి పెరుగుతుంది. దీనికి విరుద్ధంగా రక్తపోటుకు, గుండెకు వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు నాడిని పెరగనివ్వవు. ఇవి వాడేవారు "నాడి 90 దాటలేదు, ఇంకా నడవొచ్చు" అని లెక్కలు వేసుకోకూడదు. వీరికి ఆయాసమే కొలబద్ద.

మిషను లేనివారు కూడా నాడి చూసుకోవచ్చు. మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చించండి. నడక ఆపగానే ఒకసారి, నిలబడే ఒక నిమిషం తరువాత మరొకసారి చూడండి. ఆ నిమిషంలో నాడి కనీసం 12 అయినా తగ్గితే మంచిది. తగ్గకుండా అలాగే పరుగెడుతుంటే తరువాతిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చెప్పండి. లయ తప్పి, ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి కొట్టుకుంటుంటే అంతవరకు వేచి ఉండకుండా చూపించుకోండి.

వేలి మిషను చెప్పేది, చెప్పనిది

వేలి గుండా వెలుతురు పంపి రక్తంలోని ఆక్సిజన్‌ను లెక్కగట్టే ఈ పద్ధతిని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి కనిపెట్టారు. 2020, 2021 కరోనా రోజుల్లో ఆ మిషను పల్లెల్లోకి కూడా వచ్చింది. చాలా ఇళ్లలో ఇప్పుడు అలమరాలో పడి ఉంది. దాన్ని తీసి బ్యాటరీలు మార్చి వాడుకోవచ్చు. కాని అది చెప్పేది ఏమిటో తెలియాలి.

95 నుంచి 100 వరకు మామూలు. 90 దాకా తగ్గినా రక్తంలో ఆక్సిజన్ సరఫరా పెద్దగా దెబ్బతినదు. 90 దాటి కిందికి వస్తే పరిస్థితి వేరు. చెరువు కట్ట మీద నడిచినంతసేపు దారి సమంగానే ఉంటుంది, కట్ట అంచు దాటితే జారుడే. అలాగే 90 కింద ఊపిరితిత్తిలో కొద్దిపాటి తేడా వచ్చినా అంకె గబగబా పడిపోతుంది. అందుకే నడకలో 88ని మేము హద్దుగా చెబుతాము. కూర్చున్నప్పటి అంకె కన్నా 4 గాని, అంతకన్నా ఎక్కువ గాని తగ్గడం కూడా గమనించవలసిన విషయమే.

మిషను చెప్పలేనివి కూడా ఉన్నాయి. రక్తహీనత ఉన్న ఆడవారికి మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ ఉంటాయి. మిషను మాత్రం 98 చూపిస్తుంది. ఉన్న బస్సులన్నీ నిండాయి, కాని బస్సులే తక్కువ. వారికి కావలసింది హిమోగ్లోబిన్ పరీక్ష. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో చేరితే దాన్ని కూడా మిషను ఆక్సిజనే అనుకుంటుంది. కాబట్టి బీడీ తాగిన వెంటనే, పొగలో కూర్చుని లేచిన వెంటనే చూసిన అంకెను నమ్మవద్దు. ఒంటి రంగు నలుపైనవారికి మిషను ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చని 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన గట్టిగా చెప్పింది. రెండు మూడు అంకెల తేడా ఎవరికైనా ఉండవచ్చు. మనిషి ఒకటి చెప్పి మిషను మరొకటి చెబితే మనిషి మాటే ముందు వినాలి.

సరిగ్గా చూడాలంటే ఇలా చేయండి. గోళ్ల రంగు తీసేయండి. రొయ్యలు ఒలిచి, ఐసు పట్టుకుని వచ్చినవారు చేతులు తుడుచుకుని వెచ్చగా రుద్దుకోండి. వేళ్లు చల్లగా ఉంటే అంకె తప్పు వస్తుంది. చేయి ఊపుతూ నడిచేటప్పుడు కనిపించే అంకె కూడా నమ్మదగినది కాదు. ఆగి, చేయి ఛాతీకి ఆనించి, కదలకుండా చూడండి. వేలి వరకు రక్తం రావడానికి కొంత సమయం పడుతుంది కనుక ఆగిన తరువాత అర నిమిషం వరకు అంకె ఇంకా తగ్గవచ్చు. అందులో అన్నిటికన్నా తక్కువైన అంకెను పుస్తకంలో రాసుకోండి.

ఒక్కో జబ్బుది ఒక్కో తీరు

ఉబ్బసం ఉన్నవారికి నడకలో ఆక్సిజన్ సాధారణంగా పడిపోదు. పరుగు, ఆట ఆపిన కొద్ది నిమిషాలకు పిల్లికూతలు, దగ్గు మొదలవుతాయి. వీరికి పీల్చే మందు సరిగ్గా కుదిరితే ఏ ఆటైనా ఆడవచ్చు. సి.ఓ.పి.డి.లో కొందరికి పడిపోతుంది, కొందరికి పడదు, నడిపించి చూస్తేనే తెలుస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో, సిలికోసిస్ ముదిరినవారిలో నడక మొదలైన కొద్దిసేపటికే అంకె వేగంగా పడి, ఆగాక కూడా నెమ్మదిగా కోలుకుంటుంది. క్షయ మచ్చలున్నవారిలో మచ్చ ఎంత మేర ఉందో దాన్నిబట్టి ఉంటుంది. నడుస్తుండగా కళ్లు తిరిగి పడిపోవడం, కాళ్ల వాపు ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందేమో, గుండె జబ్బు ఉందేమో చూడాలి.

ఆరు నిమిషాల నడక పరీక్ష

దీనికి పెద్ద మిషన్లు అక్కరలేదు. చదునైన చోట 30 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెడతారు. ఆ రెండిటి మధ్య ఆరు నిమిషాలు, మీ ఓపిక కొద్దీ, ఎంత దూరం నడవగలిగితే అంత నడవాలి. పరుగెత్తకూడదు. అలసిపోతే గోడకు ఆనుకుని ఆగవచ్చు, తెరిపిన పడ్డాక మళ్లీ నడవవచ్చు. గడియారం మాత్రం ఆగదు. ముందు, తరువాత నాడి, ఆక్సిజన్, ఆయాసం రాసుకుంటారు. మొత్తం దూరం కొలుస్తారు. అమెరికా శ్వాసకోశ వైద్యుల సంఘం 2002లో ఈ పరీక్షకు నియమాలు రాసింది. ప్రపంచమంతటా ఈ పద్ధతే వాడుకలో ఉంది. కొన్ని వారాల సాధన తరువాత దూరం 30 మీటర్లు పెరిగినా అది లెక్కించదగిన మేలే.

నెల రోజులలోపు గుండెపోటు వచ్చినవారికి, కూర్చున్నప్పుడే ఛాతీనొప్పి వస్తున్నవారికి ఈ పరీక్ష చేయరు. కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, రక్తపోటు 180/100 దాటినా డాక్టరు చూసి నిర్ణయిస్తారు. మొదటిసారి ఇంట్లో చేయకండి. ఆసుపత్రిలోనే చేయించుకోండి.

ఎంత నడవాలి, ఎలా నడవాలి

మందు పీల్చేవారు ముందు దాన్ని పీల్చి పది పదిహేను నిమిషాలు ఆగండి. తరువాత రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి. ఇలా మొదట పది నిమిషాలతో ప్రారంభించి, వారం వారం కొంచెం పెంచుతూ 20 నుంచి 30 నిమిషాలకు తీసుకురండి. వారానికి ఐదు రోజులు మంచిది, మూడు రోజులకు తగ్గవద్దు. కనీసం ఎనిమిది వారాలు చేస్తేనే ఫలితం తెలుస్తుంది.

ఆయాసాన్ని 0 నుంచి 10 వరకు మీరే కొలుచుకోండి. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఇక భరించలేను. నడకలో 3, 4 దగ్గర ఉండాలి. ఇంకో తేలిక గుర్తు చెబుతాం. నడుస్తూ కీర్తన అంతా పాడగలిగితే వేగం చాలదు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైంది. పక్కవారితో ఒక్కో వాక్యం మాట్లాడుతూ నడవగలిగితే సరిగ్గా ఉన్నట్టు. ఈ లెక్కన ఆయాసం రావడం తప్పు కాదు, ప్రమాదమూ కాదు. ఆగితే తగ్గే ఆయాసానికి భయపడవద్దు.

వేడి పాలు ఊదినట్టు పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలండి. పీల్చడానికి రెండు అంకెలు లెక్కపెడితే వదలడానికి నాలుగు లెక్కపెట్టండి. సి.ఓ.పి.డి.లో లోపల నిలిచిన గాలి బయటికి రావడానికి ఇది సాయం చేస్తుంది. బిందె ఎత్తేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, వదులుతూ చేయండి.

చోటు కూడా చూసుకోవాలి. సముద్రపు ఒడ్డున గాలి బాగుంటుంది కాని మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కన్నా రెట్టింపు, ఆపైన శక్తి కావాలి. గట్టి రోడ్డు మీద హాయిగా నడిచే మనిషి ఇసుకలో పది అడుగులకే ఆగిపోతే కంగారు పడవద్దు. సిమెంటు రోడ్డు, బడి ఆవరణ, గుడి ఆవరణ, స్వర్ణముఖి కట్ట మీద చదునైన భాగం మంచివి. ఎండాకాలంలో తెల్లవారుజామున, వాన రోజుల్లో వరండాలో నడవండి. వడ్లు నూర్చే రోజుల్లో కళ్లాల వైపు, చెత్త తగలబెట్టే వైపు వెళ్లకండి.

నడకతో పాటు కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం తొడలకు బలమిస్తుంది. అరలీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజం ఎత్తు వరకు లేపడం చేతులకు మంచిది. డాక్టరు రాయకుండా ఆయాసానికి నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి ఒక హెచ్చరిక. అవి తొడ కండరాలనే తినేస్తాయి. అయితే ఒక్కసారిగా మానేయకండి, డాక్టరు సలహాతోనే తగ్గించుకోవాలి.

ఎప్పుడు ఆగాలి

ఆక్సిజన్ 88 కన్నా తగ్గితే ఆగండి. కూర్చుని, పెదవులు చుట్టి గాలి వదులుతూ, 90 దాటాక నెమ్మదిగా మొదలుపెట్టండి. ప్రతిరోజూ ఇలాగే పడిపోతుంటే మా దగ్గరికి రండి.

ఛాతీలో నొప్పి, బిగుతు, చల్లని చెమట, కళ్లు తిరగడం, అడుగులు తడబడటం, పెదవులు నీలంగా మారడం, కఫంలో రక్తం, ఇవి కనిపిస్తే అంకె ఎంత ఉన్నా నడక ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. పది నిమిషాలు కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే కూడా అంతే. జ్వరం, కఫం రంగు మారడం ఉన్న రోజుల్లో నడక వాయిదా వేయండి.

ఆక్సిజన్ అందరికీ అవసరమా

కరోనా తరువాత ఆక్సిజన్ మిషను కొనాలా అని అడిగేవారు ఎక్కువయ్యారు. అప్పు చేసి కొన్నవారు కూడా ఉన్నారు. కూర్చున్నప్పుడే రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే సి.ఓ.పి.డి. రోగులకు రోజుకు 15 గంటలు, ఆపైన ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లో అమెరికా, బ్రిటన్ పరిశోధనలు నిరూపించాయి. అలాంటివారికి అది మందుతో సమానం. కాని తగ్గుదల ఒక మోస్తరుగా ఉన్నవారి మీద, నడకలో మాత్రమే తగ్గేవారి మీద అమెరికాలో 738 మందితో పెద్ద పరిశోధన చేశారు. 2016లో ఫలితం వచ్చింది. ఆక్సిజన్ పెట్టినవారికి, పెట్టనివారికి ఆయుష్షులో గాని, ఆసుపత్రి చేరికల్లో గాని, నడక దూరంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుచేత పొలం కుదువ పెట్టే ముందు ఒకసారి పరీక్ష చేయించుకోండి.

ఆక్సిజన్ వాడేవారు డాక్టరు చెప్పినంతే పెట్టుకోవాలి. సి.ఓ.పి.డి.లో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఎక్కువ పెడితే రక్తంలో బొగ్గుపులుసు గాలి పేరుకుని మత్తు కమ్మవచ్చు. ఆక్సిజన్ ఉన్న గదిలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు.

విశ్రాంతే మందు అనుకున్న రోజులు

మన పెద్దలు మంచం పట్టమని చెప్పడానికి ఒక కారణం ఉంది. క్షయకు మందులు లేని కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే చికిత్స. మిషన్ సంఘాలు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభించిన శానటోరియానికి ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవారు. ఆ సేవ గొప్పది. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరు క్షయ రోగులను శానటోరియంలో ఉంచి, మరికొందరిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవారికి తిండి తక్కువ, తిరుగుడు ఎక్కువ. అయినా ఇద్దరికీ దాదాపు ఒకేలా నయమైందని 1959లో ఫలితాలు ప్రకటించారు. మంచం పట్టి ఉండనక్కర లేదని లోకానికి చెప్పింది మన పొరుగు పట్టణమే.

వైద్యం మారింది. మన ఇళ్లలో మాట ఇంకా మారవలసి ఉంది. ఆయాసం ఉన్న నాయనను, అవ్వను మంచానికి అప్పగించకండి. ఒకసారి పరీక్ష చేయించి, హద్దు ఎంతో తెలుసుకుని, సాయంత్రం చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించండి. సంఘంలో ఒంటరిగా ఉండే పెద్దవారుంటే యౌవనస్థులు వంతులవారీగా వారితో నడవవచ్చు. మందుల చీటీ, పీల్చే మందు, ఇంట్లో ఆక్సీమీటరు ఉంటే అది కూడా వెంట తీసుకురండి. వేసుకున్న మందు ఎలా పీలుస్తున్నారో మా నర్సమ్మలు చూసి సరిచేస్తారు.

మనకు ఊపిరి ఇచ్చిన దేవుడు, ఆ ఊపిరి ఉన్నంతకాలం మీ కాళ్ల మీద మీరు నడిచే శక్తిని కూడా దయచేయాలని ప్రార్థిస్తున్నాం.